కొయ్య కింది మనిషి

మా కోల్డ్ స్టోరేజీ పైకప్పు రేకులు మార్చడానికి గత వారం మనుషులు వచ్చారు. మిరప బస్తాలు లోపలికి రావడం మొదలైతే గుంటూరులో ఏ గోదాముకూ ఊపిరాడదు గనుక, ఈలోగానే ఆ పని ముగించాలని మా మేనేజరు తొందర. పొదిలి వైపు నుంచి వచ్చిన ముప్పై దాటిన మనిషొకడు నిచ్చెన దగ్గర నిలబడి, నారింజ రంగు బెల్టు భుజాలకూ నడుముకూ తొడుక్కున్నాడు. దాని వెనుక వేలాడే తాడు చివర పెద్ద ఇనుప కొక్కెం ఉంది. మేనేజరు ఫోను తీసి, కాస్త ఇటు తిరగమని, తల మీది టోపీ సరిచేసుకోమని చెప్పి ఫోటో తీసి, ఎవరికి పంపాలో వారికి పంపి, ఇక ఎక్కమన్నారు. అతను ఆ కొక్కేన్ని తన నడుము బెల్టుకే తగిలించుకుని, నిచ్చెనెక్కి, రేకుల మీద మామూలుగా నడిచి వెళ్ళిపోయాడు.

బస్తాల లెక్క చూడడం నా ఉద్యోగం. ఇంటికి వెళ్ళాక ఆనాటి తేదీ వేసి, జరిగినదాన్ని రెండు మూడు వాక్యాల్లో రాసుకోవడం నా అలవాటు. ఇన్నేళ్ళలో జ్వరం వచ్చిన రోజున కూడా తప్పలేదు. ఆ రోజు మాత్రం తేదీ వేసి, కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఏమీ రాయకుండానే పుస్తకం మూసేశాను. నేను రాయవలసింది ఆ రోజుది కాదు.

మాది వాడరేవు. ఇప్పుడు శని ఆదివారాల్లో కార్లేసుకుని వచ్చేవారికి అది అలల్లో ఆడుకునే చోటు. మాకు మాత్రం వలలు ఆరే చోటు, చేపలు ఎండే చోటు, కబురు కోసం ఆడవాళ్ళు ఎదురుచూసే చోటు. మా ఇంటి మగవాళ్ళలో చాలామందిలాగే నేనూ ఇరవై దాటగానే సముద్రం మీదికి వెళ్ళాను. మా అమ్మకు ఒక్కడే తమ్ముడైన మా మేనమామ నిజాంపట్నం రేవులో కట్టే ఒక మరబోటు మీద పనిచేస్తూ, నన్నూ తన వెంట తీసుకుపోయాడు. బోటు నడిపే సరంగు మా ఊరివాడే, మావయ్యకు వరసకు బావ. ఇద్దరూ ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకరి గొంతును ఒకరు వెక్కిరించుకుంటూ కీర్తనలు పాడేవారు. బోటు యజమాని మాత్రం సముద్రం మనిషి కాదు. లోపలి మెట్ట పొలాల్లో పత్తీ మిరపా పండించే పెద్ద రైతు. జిన్నింగు మిల్లు కూడా నడిపేవారు. చేపల్లో లాభముందని ఎవరో చెబితే బోటు కొన్నారు. దాని మీద ఆయన ఒడ్డు దాటి వెళ్ళగా నేను చూడలేదు.

బోటు నడుమ నిలువుగా ఒక స్తంభం ఉంటుంది. మాది ఇనుప గొట్టమే అయినా, కర్రతో చేసిన కాలం నాటి అలవాటు కొద్దీ దాన్ని కొయ్య అనే పిలిచేవాళ్ళం. దాని చివర కప్పీ, ఆ కప్పీ మీదుగా వల లాగే ఇనుపతాడు. ఉప్పుగాలికి కప్పీ బిగుసుకుపోతే ఎవరో ఒకరు పైకెక్కి, తుప్పు గీకి, గ్రీజు పెట్టి దిగాలి. ఒడ్డున కట్టిన బోటు మీద అది పెద్ద పనేమీ కాదు. నడిసముద్రంలో, కింద బోటు బెత్తెడు ఒరిగితే పైన మనిషి బారెడు ఊగే చోట, అది ఎంత పనో మీలో రేవుల్లో పెరిగినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఆ పనికి మా రేవులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. ఎక్కడా రాసి లేదు. ఒకడు కొయ్య ఎక్కితే ఇంకొకడు కొయ్య మొదలుకు అరచెయ్యి ఆనించి నిలబడాలి, పైవాడు దిగేదాకా ఆ చెయ్యి తియ్యకూడదు. ఊరికే నిలబడితే సరిపోదు, పైవాడితో మాట్లాడుతూనే ఉండాలి, పైవాడు జవాబు చెబుతూనే ఉండాలి. జవాబు ఆలస్యమైతే వాడికి కళ్ళు తిరుగుతున్నాయని అర్థం, వెంటనే దించెయ్యాలి. దీన్ని మాట పట్టడం అనేవాళ్ళం. మాట పట్టినవాడికి సరంగు కూడా వేరే పని చెప్పకూడదు. వల నిండుగా వచ్చి చేతులు చాలకపోయినా సరే, వాడు కదలకూడదు.

దానికి ఇంకొక కారణం కూడా ఉంది. సరంగు నిలబడే గదికి పైకప్పు ఉండడం వల్ల అతనికి కొయ్య పైభాగం కనిపించదు. అందుచేత బోటు తిప్పేముందు అతను కిటికీలోంచి తల బయటపెట్టి "కొయ్య ఎట్టా ఉంది?" అని అరిచేవాడు. "మనిషున్నాడు" అని కిందివాడు అన్నంతసేపూ చుక్కాని ఎటున్నది అటే ఉండాలి. పైవాడు దిగి, రెండు కాళ్ళూ బోటు మీద పెట్టాక, కిందివాడు "కొయ్య ఖాళీ" అనాలి. ఆ రెండు మాటలు వినబడితేనే సరంగు చెయ్యి కదిలేది.

మావయ్య ఎక్కితే మాట పట్టేవాణ్ణి నేనే. ఆ కబుర్లు తలచుకుంటే ఈ వయసులోనూ నాకు నవ్వు వస్తుంది.

"ఏరా అల్లుడూ, ఉన్నావా, నిలబడే నిద్దరబోయావా?"

"ఉన్నా మావా. నీ బరువుకి బోటు ఒరిగిపోతంది, తొరగా దిగు."

"ఒరగనీరా. మీ అత్త చేతి పులుసు తిన్న ఒళ్ళు ఇది, అంత తేలిగ్గా ఉంటదా?"

"పులుసులో చింతపండు తప్ప చేప కనపడదని మొన్న నువ్వేగా అన్నావు."

"ఒరేయ్, ఆ మాట ఇంటికాడ అన్నావంటే నేను పైనే ఉండిపోతా, నాకు అన్నం ఇక్కడికే పంపించు."

పాస్టరుగారి ప్రార్థన ఎంత పొడుగో, నా పెళ్ళి ఎప్పుడో, చీరాలలో ఎవరు కొత్త సైకిలు కొన్నారో, అన్నీ ఆ కొయ్య మీదా కిందా నడిచేవి. చూసేవారికి ఇద్దరు పనిలేని మనుషుల సొల్లు కబుర్లు. నా అరచేతికి మాత్రం ఆ ఇనుప గొట్టంలోంచి అతని కాళ్ళ కదలిక తెలుస్తుండేది, గొంతులో అలసట తెలుస్తుండేది. అతను దిగి నా భుజం మీద గ్రీజు చెయ్యి తుడుచుకునేదాకా నేను గట్టిగా ఊపిరి పీల్చేవాణ్ణి కాదు.

తరువాత బెల్టులు వచ్చాయి. ఒక ఉదయం రేవులో షామియానా వేసి, బోట్లవాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఎత్తు మీద పనిచేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను ఒక అధికారి ఓపికగా వివరించారు. బెల్టు లేకుండా ఎక్కకూడదు, కొక్కేన్ని గట్టి ఆధారానికి తగిలించకుండా పని మొదలుపెట్టకూడదు, అలలు ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కనే కూడదు, కింద ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. వీటిలో ఒక్కటీ తప్పు మాట కాదు. ఇది నేను ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే నియమాలంటే నాకు గిట్టవని కొందరు నన్ను అపార్థం చేసుకున్నారు. ఆ నియమాలను ఉన్నవి ఉన్నట్టు పాటించి ఉంటే నేను ఇది రాయవలసిన పని ఉండేది కాదు. బెల్టులు పంచి, తొడుక్కున్నవాళ్ళను వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. మావయ్య నడుమ నిలబడి, పెళ్ళికొడుకులా ఛాతీ విరిచాడు.

మా బోటు మీద బెల్టు తగిలించుకోవడానికి ఆధారమే లేదు. కొయ్యకు రెండు పక్కలా చిన్న ఇనుప ముక్కలు అతికించి ఉండేవి. వాటి మీద కాలు ఆగుతుంది, కొక్కెం ఆగదు. పక్కకు జారి వచ్చేస్తుంది. కప్పీకి కాస్త కింద ఒక కడియం అతికిస్తే చాలు. ఆ మాట నేనూ మావయ్యా కలిసి యజమానికి చెప్పాము. వేట జోరుగా ఉన్న రోజుల్లో బోటు ఆపి వెల్డింగేమిటని, వేసవిలో వేట నిషేధం రోజుల్లో బోటు ఒడ్డున ఉంటుంది గదా అప్పుడు చూద్దామని ఆయన అన్నారు. మేము సరే అన్నాము. అన్నం పెట్టేవారితో అంతకన్నా ఏమంటాము?

కడియం నిషేధం రోజులకు వాయిదా పడింది గాని, ఇంకొక మార్పు ఆ వారమే జరిగిపోయింది. ఆయన రేవుకు వచ్చినప్పుడు నేను కొయ్యకు చెయ్యి ఆనించి నిలబడి, పైనున్న మావయ్యతో హాస్యాలాడుతున్నాను. ఆయన కాసేపు చూసి సరంగును పిలిచారు.

"ఏమయ్యా, బెల్టు ఇప్పించాంగా. ఇంకా కిందొకడు చెయ్యేసుకుని కబుర్లు చెప్పడమేంటి? మా మిల్లులో ఇట్టా నిలబడితే మిషనోడు నవ్వుతాడు. ఆ కుర్రోణ్ణి వల కాడికి పంపు."

అది మాట పట్టడమని సరంగు వివరించబోయాడు. ఆయన కోపం తెచ్చుకోలేదు, నవ్వి, కాలం మారిందన్నారు. బెల్టు అనేది మనిషికి తోడుగా వచ్చిందని మేము అనుకున్నాము, మనిషికి బదులుగా వచ్చిందని ఆయన అనుకున్నారు. బోటు ఆయనది గనుక ఆయన అనుకున్నదే జరిగింది. నన్ను వల దగ్గరికి పంపారు. మరుసటి వేటలో ఒక చెయ్యి తగ్గించి బోటును పంపారు. ఆ తరువాత సరంగు "కొయ్య ఎట్టా ఉంది?" అని ఒకటి రెండుసార్లు అలవాటుగా అరిచాడు. జవాబు చెప్పే చోట మనిషి లేడు. మెల్లగా అరవడం మానేశాడు.

మావయ్య పడ్డ రోజు మధ్యాహ్నం ఎండ బాగా ఉంది. గాలి కూడా పెద్దగా లేదు. తుపాను రోజైతే సముద్రాన్ని తిట్టుకునేవాణ్ణి. వల సగం లాగాక కప్పీ బిగుసుకుంది. మావయ్య బెల్టు తొడుక్కుని, కొక్కేన్ని నడుముకే తగిలించుకుని పైకెక్కాడు. మేము వెనుక భాగంలో సగం వచ్చిన వలను పట్టుకుని ఉన్నాము. చేతులు తక్కువగా ఉన్నాయి గనుక ఒక్కడు వదిలినా వల జారిపోతుంది. ఇంజను హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఇనుపతాడు కదలడం చూసి, మావయ్య పని ముగించి దిగిపోయాడనుకున్నాడు సరంగు. చుక్కాని తిప్పాడు. బోటు అలకు అడ్డం తిరిగి ఒక్కసారి పక్కకు ఒరిగింది. నేను వెనుదిరిగి చూసేసరికి మావయ్య చేపలు నింపే గది మూత మీద వెల్లకిలా పడి, ఆకాశం వైపు చూస్తున్నాడు. కొక్కెం అతని నడుముకు భద్రంగా తగిలించే ఉంది.

ప్రాణం పోలేదు. నడుము కిందిది ఏదీ పనిచేయలేదు. చీరాల, అక్కడి నుంచి గుంటూరు, మళ్ళీ ఇంటికి. యజమాని ఆసుపత్రికి పళ్ళు తెచ్చారు, అత్తను ఓదార్చారు, ఎంత మంచివారో అని అక్కడున్న వాళ్ళంతా అనుకున్నారు.

విచారణకు అధికారి వచ్చిన రోజున నేను రేవులో ఉన్నాను. ఆయనతో పాటు బోటెక్కి తల ఎత్తి చూస్తే, కొయ్య మీద, సరిగ్గా మేము అడిగిన చోటే, కడియం ఉంది. ఉప్పుకు వెలిసిపోయిన కొయ్య నీలం ఒకలా ఉంది, కడియం చుట్టూ నీలం ఇంకొకలా ఉంది. దగ్గరికి వెళితే రంగు వాసన ఇంకా పోలేదు. ఇది కొత్తగా అతికించిందని, మా మావయ్య పడ్డప్పుడు లేదని నేను చెప్పాను. పడడం కళ్ళారా చూశావా అని అధికారి అడిగారు. నేను వల దగ్గర ఉన్నాను, చూడలేదు. ఉన్నదే చెప్పాను. ఆయన సరంగు వైపు తిరిగారు.

"ఈ రింగు ముందు నుంచీ ఉందా?"

సరంగు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఉందండి" అన్నాడు.

కడియం అతికించిన వెల్డరును బతిమాలాను. అతను ముసుగు కళ్ళ మీదికి దించుకుంటూ "రేవులో బతకాలన్నా, నన్నొదిలెయ్" అన్నాడు. రక్షణ పరికరం అందజేసినప్పటికీ, ఆధారం అందుబాటులో ఉన్నప్పటికీ, సదరు వ్యక్తి దానిని వినియోగించుకోలేదని, ఇది స్వీయ నిర్లక్ష్యమని అధికారి నివేదికలో తేల్చారు. ఆ మాటతో అత్తకు రావలసిన సాయం ఆగిపోయింది. అది చిన్న సంగతి అనను. కాని మంచం మీద ఉన్న మనిషిని తినేసింది ఆ సాయం ఆగిపోవడం కాదు, ఆ నిర్లక్ష్యమనే మాట. పదహారేళ్ళ వయసు నుంచి కొయ్య ఎక్కిన మనిషి, ఒక్కనాడు తొందరపడి అడుగు మార్చని మనిషి, చర్చి మెట్ల మీద పిల్లలు పరుగెత్తితే కేకలేసే మనిషి. నేను వెళ్ళినప్పుడల్లా మామూలు కబుర్ల నడుమ హఠాత్తుగా అడిగేవాడు.

"అల్లుడూ, నువ్వు చెప్పు. కొక్కెం దేనికి తగిలించమంటారంట నన్ను?"

తగిలించడానికి ఏమీ లేదు మావా అనేవాణ్ణి. మరి అట్టా రాశారేంట్రా అనేవాడు. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు ఆలస్యమైతే కొయ్య మీదివాణ్ణి దించెయ్యాలని నేర్పిన మనిషి, నా ఆలస్యాన్ని మంచం మీంచి చూస్తూ ఊరుకునేవాడు.

కొన్నాళ్ళకు సరంగు మంచి చందువ చేపలు రెండు తీసుకుని చూడ్డానికి వచ్చాడు. అత్త వాటిని అందుకుని, లోపలికి తీసుకుపోకుండా గుమ్మం పక్కనే పెట్టేసింది. సరంగు మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"ఏం బావా, ఈమధ్య చుక్కాని ఎటు తిప్పుతున్నావు?" అన్నాడు మావయ్య.

"బోటు మీంచి దింపేస్తే నేనెక్కడికి పోతానురా" అన్నాడు సరంగు.

మావయ్య, ఎవరిదో పొలం సంగతి అడిగినట్టు, "కడియం గట్టిగా అతికించారా?" అని అడిగాడు.

"గట్టిగానే అతికించారు."

"పోనీలే. తరవాత ఎక్కేవోడికి పనికొచ్చిద్ది."

ఈ మాట మా ఊళ్ళో చాలామందికి తెలుసు. ప్రసంగంలో పాస్టరుగారు కూడా ఒకసారి చెప్పారు, క్షమ అంటే ఇదీ అని. నేను దాన్ని అప్పుడు మెచ్చుకోలేకపోయాను, ఇప్పుడూ మెచ్చుకోలేను. ఆ ఒక్క మాటతో సరంగు తేలికపడి ఇంటికి వెళ్ళాడు. యజమాని తేలికపడ్డారు. నిర్లక్ష్యం మాత్రం మావయ్య పేరు పక్కనే ఉండిపోయింది. అతను దానితోనే పోయాడు. అతన్ని పూడ్చిన మరునాడే నేను ఊరు వదిలి గుంటూరు వచ్చేశాను. అప్పటికి సముద్రం మీదికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. ఆ తరువాత ఏ బోటు మీదా కాలు పెట్టలేదు. మా బోటు ఎన్ని చేతులు మారిందో తెలియదు. దాని మీద ఆ కడియం ఇప్పటికీ గట్టిగానే ఉండి ఉంటుంది.

ఇంతకీ గత వారం సంగతి. పొదిలి మనిషి రేకుల అంచున వంగి పనిచేస్తున్నాడు. కొక్కెం వీపు మీద తోకలా ఊగుతోంది. ఒక తాడు కట్టించి దానికి తగిలించమందామని మేనేజరుతో అంటే, ఫోటో పంపేశాం గదండీ, ఒక్కపూట పనికి ఎందుకండీ అన్నారు. నేను బస్తాల లెక్క అక్కడే ఆపి, నిచ్చెన దగ్గరికి వెళ్ళి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.

"ఏమయ్యా, మీ వైపు వానలు పడ్డాయా?" అని పైకి అరిచాను.

అతను తొంగి చూశాడు. "ఏం వానలండీ, చుక్క లేదు."

"పిల్లలెంతమంది?"

"ఇద్దరండి." కాస్త ఆగి, నవ్వుతూ అడిగాడు. "మీకేం పని లేదాండీ?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఇది ఒక పని అని అతనికి తెలిసే దారి లేదు. బెల్టులు మెరుగయ్యాయి, టోపీలు వచ్చాయి, గోడల మీద బొమ్మలతో సహా జాగ్రత్తలు అంటించారు. వీటన్నిటినీ నేను కోరుకున్నవాణ్ణే. ఒక మనిషి పైనుంటే, ఆ మనిషి కోసం తప్ప మరి దేని కోసమూ కాకుండా ఇంకొక మనిషి కింద నిలబడడం మాత్రం, మన కళ్ళ ముందే పనికిమాలిన పనుల్లో కలిసిపోయింది. దాన్ని వెనక్కి తెమ్మని ఎవరిని అడగాలో నాకు తెలియదు.

మేనేజరు రెండుసార్లు పిలిచారు. నేను వెళ్ళలేదు. వాళ్ళ ఊరి కంది చేల గురించి, అతని పెద్దకూతురి బడి గురించి అడుగుతూనే ఉన్నాను, అతను విసుగూ నవ్వూ కలిపి జవాబు చెబుతూనే ఉన్నాడు. ఎండ వాలుతుండగా అతను నిచ్చెన దిగి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, బెల్టు విప్పుకుంటూ నీళ్ళ కుండ వైపు వెళ్ళిపోయాడు. అప్పుడు నేను చెయ్యి తీసి, వినవలసిన సరంగు ఎవరూ లేకపోయినా, "కొయ్య ఖాళీ" అన్నాను.